ఆరు రోజాల లెక్క

పదకొండు దాటి ఐదు నిమిషాలైంది. కోర్టు ఇచ్చింది గంట. అందులో ఐదు నిమిషాలు జోగారావు గారి మర్యాదలకే సరిపోయాయి. టీ తెప్పిస్తానన్నాడు, వద్దంటే బిస్కెట్లయినా తినమన్నాడు, ఏసీ ఎక్కువైతే తగ్గిస్తానన్నాడు. డిటెక్టివ్ దుర్గాబాయికి ఈ రకం మర్యాద కొత్త కాదు. ఇరవై ఆరేళ్లు మందుల తనిఖీ ఉద్యోగం చేసి, స్వచ్ఛంద విరమణ తీసుకుని మచ్చ బొల్లారంలో రెండు గదుల ఆఫీసు తెరిచిన మనిషి ఆమె. దాచుకునేది ఎంత ఎక్కువైతే బిస్కెట్లు అంత ఖరీదైనవి వస్తాయని ఆమెకు బాగా తెలుసు.

బల్ల మీద రెండే వస్తువులున్నాయి. ఒకటి హజీరా ఏ రోజు మాత్ర మింగిందో గుర్తు పెట్టిన డైరీ, రెండోది మాత్రల స్ట్రిప్పులున్న ప్లాస్టిక్ కవరు. కోర్టు ఉత్తర్వు ప్రకారం వీటిని చూడొచ్చు, మాత్రలు ఇచ్చే వార్డు చూడొచ్చు, అక్కడి వాళ్లను ప్రశ్నించొచ్చు. ఫొటోలు తీయకూడదు, కాగితం పట్టుకుపోకూడదు. ఫోను గేటు దగ్గరే తీసేసుకున్నారు. మేడ్చల్ హైవే పక్కనున్న ఆ రీసెర్చ్ సెంటర్లో ప్రతి తలుపూ మెడలో కార్డు వేలాడే వాళ్లకే తెరుచుకుంటుంది. దుర్గాబాయి మెడలో నల్లపూసలు తప్ప ఏమీ లేవు.

హజీరాకు ఇరవై ఆరేళ్లు. శామీర్‌పేట దగ్గర అత్తగారిల్లు. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునే చిన్న గ్రంథులు రెండుంటాయి. ఆమెకవి పనిచేయడం మానేశాయి. అవి తయారుచేయాల్సిన కార్టిసాల్ అనే హార్మోన్‌ను ఆమె రోజూ మాత్రల్లో మింగాలి. మానేస్తే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం, చివరికి ప్రాణం పోవడం. రోజుకు మూడుసార్లు మింగే పాత మాత్రకు బదులు ఒక్కసారి మింగితే చాలనే కొత్త మాత్రను ఈ సెంటరు పరీక్షిస్తోంది. మార్చిలో అందులో చేరిన హజీరా ఆగస్టు ఏడున, రంజాన్ ఉపవాసాల్లో పద్దెనిమిదో రోజా నాడు చనిపోయింది. మందు మాన్పించి ఉపవాసం ఉంచి చంపాడని ఆమె భర్త, మేకల బేరం చేసుకునే ఫరీద్‌ను పన్నెండో తేదీన అరెస్టు చేశారు. ఇవాళ ఆగస్టు ఇరవై రెండు. పండుగ కూడా జైల్లోనే గడిచింది. బెయిలు వాదన సోమవారం. ఆ లోపల ఈ డైరీ అబద్ధమని అతని తరఫున దుర్గాబాయి తేల్చకపోతే అతను ఇప్పట్లో బయటికి రాడు.

"చదువుకోండి మేడమ్. మా దగ్గర దాపరికం లేదు," అన్నాడు జోగారావు. డీఎస్పీగా రిటైరై సెంటరు భద్రత, కోర్టు వ్యవహారాలు చూస్తున్నాడు. గోదావరి జిల్లా మనిషి, మాట నెమ్మది. "పద్దెనిమిది రోజులు, పద్దెనిమిది ఇంటూ గుర్తులు. పక్కన కారణం కూడా రాసుకుంది పాపం. రోజా, రోజా, రోజా. మింగని మాత్రలు పద్దెనిమిదీ ఆ కవరులో ఉన్నాయి. లెక్క సరిపోయింది కదండీ?"

"సరిపోయింది సార్. గంత సక్కగ సరిపోతేనే నాకు నిద్ర పట్టదు."

"మొగుడేమంటున్నాడు?"

"పొద్దుగాల నాలుగింటికి, రోజా మొదలుగాక ముందు, సహరీల తినిపిచ్చి తన చేత్తోనే గోలీ ఇచ్చిన అంటున్నడు. అట్లనే వేసుకోమని మీ డాక్టరే చెప్పిండట."

"చెప్పినట్టు కాగితం ఉందా?" జోగారావు నవ్వాడు. "నేను ముప్పై ఏళ్లు పోలీసు ఉద్యోగం చేశాను. పెళ్లాం పోయిన ప్రతి మొగుడూ తన చేత్తోనే తినిపించానంటాడు."

దుర్గాబాయి డైరీ వెనక్కి తిప్పింది. మార్చి నుంచి జూలై ఇరవై దాకా ఏ పేజీ చూసినా పసుపు మరకో, నూనె వేలిముద్రో ఉంది. జూలై ఇరవై ఒకటి నుంచి ఆగస్టు ఏడు దాకా పద్దెనిమిది పేజీలు ఇప్పుడే దుకాణంలోంచి తెచ్చినట్టున్నాయి.

"ఈ డైరీని ఆమె వంటింట్ల మేకుకు కట్టుకున్నదట. మరి రంజాన్ నెలల వంట ఎక్కువైతదా తక్కువైతదా సార్? ఇఫ్తార్‌కు పకోడీలు చేసిన చెయ్యి. ఒక్క చుక్క నూనెన్న పడలే."

"శుభ్రంగా ఉండటం నేరమా మేడమ్? ఈ మాట కోర్టులో అనకండి, నవ్వుతారు."

అది నిజమే. కోర్టులో పసుపు మరక నిలబడదు. దుర్గాబాయి మనసులో ఒప్పుకుని, పేజీలు మళ్లీ మొదటి నుంచి తిరగేసింది. జూలై ఇరవై తొమ్మిది దగ్గర ఆమె వేలు ఆగింది. అక్కడ రోజా. ముప్పై, రోజా. ముప్పై ఒకటి, రోజా. ఆగస్టు మూడు దాకా ఆరు పేజీలు, ఆరుసార్లు రోజా. నిన్న సాయంత్రం హజీరా అత్త మరియా బీ చెప్పిన మాట ఆమెకు చెవి పక్కన మళ్లీ వినిపించింది.

"పద్దెనిమిదిట్ల పన్నెండే ఉన్నది బిడ్డా. నడుమ ఆరు దినాలు ఆమెకు నమాజ్ లేని దినాలు. గప్పుడు రోజా ఉండొద్దు గద. పండుగైనంక ఆ ఆరు ఉంటనన్నది. ఉండకుంటనే పాయె. మూడో నాడు నేను ఆరుగురిని పిలిచి ఆ ఆరింటికి బువ్వ వెట్టిన."

నెలసరి వచ్చిన రోజుల్లో ఆడవాళ్లు రోజా ఉండరు. ఆ లెక్క తర్వాత తీర్చుకుంటారు. తీర్చకుండా పోతే వాళ్ల పేరు మీద రోజుకొకరికి అన్నం పెడతారు. ఇది అత్తకు తెలుస్తుంది, కోడలికి తెలుస్తుంది. మొగుడికి తెలిసీ తెలియనట్టుంటుంది. ఈ పేజీలు రాసిన మగమహారాజుకు మాత్రం రంజాన్ అంటే నెల పొడుగునా ఉపవాసం, అంతే తెలుసు. ఏ ముస్లిం ఆడమనిషీ ఆ ఆరు రోజులకు రోజా ఉన్నానని తన చేత్తో రాసుకోదు. అంటే ఈ చెయ్యి హజీరాది కాదు.

కానీ చనిపోయిన పిల్ల నెలసరి తేదీలకు అత్త మాట తప్ప సాక్ష్యమేముంది? అత్త నిందితుడి తల్లి. ఆమె మాటను జోగారావు ఊది పారేస్తాడు. తేదీ ఈ సెంటరు కాగితాల్లోనే దొరకాలి.

"వార్డు చూడాలె," అంటూ లేచింది దుర్గాబాయి. పదకొండు ఇరవై రెండు.

*

మొదటి అంతస్తులో తలుపు కార్డుతో తెరుచుకుని, వెనకాలే గట్టిగా మూసుకుంది. లోపల గాలి కూడా బయటిది కాదు. కిటికీలకు మూసేసిన అద్దాలు, వాటి వెనక ఇనుప చువ్వలు. నాలుగు మంచాలు, నలుగురు ఆడవాళ్లు, అందరికీ ఒకటే ఆకుపచ్చ గౌను. గంట గంటకూ రక్తం తీసి పరీక్షించడానికి పది రోజులు ఇక్కడే ఉంచుతారట. చీరలు, ఫోన్లు కింద మూటకట్టి పెట్టారు. దుర్గాబాయి వెనక్కి తిరిగి చూసింది. తలుపు ఇవతలి పక్క పిడి కూడా లేదు.

మొదటి మంచం మీద సత్తమ్మ అనే ముసలామె కూర్చుని ఉంది. చివరి మంచం మీద ఒకామె గోడవైపు తిరిగి ముడుచుకుని పడుకుంది.

"ఆమెకేమైంది?"

"పద్మమ్మకు పొద్దటి నుంచి వాంతులు మేడమ్," అంది నర్సు శైలజ. ముప్పై ఏళ్లుంటాయి. రాత్రి డ్యూటీ దిగాల్సిన మనిషి ఇంకా ఇంటికి పోలేదని కళ్లే చెబుతున్నాయి. "డాక్టర్ సాబ్‌కు రెండుసార్లు ఫోన్ జేసిన. సికింద్రాబాద్‌ల మీటింగ్‌ల ఉన్నరట. ఉప్పు నీళ్లు తాపమన్నరు."

జోగారావు జేబులో ఫోను మోగింది. అతను నంబరు చూసి, మొహం మార్చుకుని తలుపు అవతలికి పోయాడు. దుర్గాబాయి గోడ గడియారం చూసింది. పదకొండు ముప్పై ఒకటి. ఇలాంటి ఫోన్లు రెండు మూడు నిమిషాలకు మించవు.

"శైలజా, జూలై ముప్పై నాడు హజీరా ఇక్కడికి వచ్చింది. యాదికున్నదా?"

"యాదికున్నది. నెలకోసారి చూపిచ్చుకునే దినం."

"ఏమేం అడుగుతరు ఆ దినం?"

"బరువు, బీపీ, రక్తం. ఆడోళ్లకైతే..." ఆగింది. "నెలసరి తేదీ. హార్మోన్ల పరీక్ష గద, అది రాయకుంటె ఫారం చెల్లదు."

"ఆ ఫారం రికార్డు రూముల ఉన్నదా?"

"లేదు మేడమ్. ఆడోళ్ల ఫారాలు నా అల్మారలనే ఉంటయి. కింద రికార్డు రూముల మొగోళ్లు గవి ముట్టరు. సిగ్గంట."

దుర్గాబాయికి నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. సిగ్గు వాళ్లను పట్టించింది. "ఒకసారి చూపియ్యి బిడ్డా."

శైలజ తలుపువైపు చూసింది. ఆ చూపులో భయం దాచలేదు. అయినా అల్మారా తెరిచి ఒక ఫారం తీసి చేతిలో పెట్టింది. హజీరా పేరు, జూలై ముప్పై, సమయం ఉదయం తొమ్మిది పది. చివరి నెలసరి మొదలైన తేదీ, జూలై ఇరవై తొమ్మిది. కింద హజీరా సంతకం, శైలజ సంతకం.

"ఆ దినం ఆమె ఏమన్న తిన్నదా?"

"నేనే ఉప్మా వెట్టిన. రోజా లేదా అనడిగితె, లేదక్కా నమాజ్ లేదు అన్నది. నవ్వింది." శైలజ ఆ సంతకం వైపు చూసింది. "డైరీ గూడ నేను చూసిన. అన్నీ టిక్కులే ఉండె. ఇంటూ ఒక్కటి లేకుండె. ఆమె పోయినంక జోగారావు సార్ డైరీ తీస్కపోయిండు. నాకు ఇద్దరు పిల్లలు మేడమ్. నోరు మూసుకున్న."

"ఇంకోటి చెప్పు. ఆ దినం కొత్త గోలీలు ఇచ్చినవా?"

"ఇచ్చిన. కొత్త పెట్టె గా దినమే తెరిచినం. దాంట్లకెల్లి ఫస్టు గోలీలు హజీరాకే."

జూలై ముప్పై నుంచి ఆగస్టు ఏడు. దుర్గాబాయి వేళ్ల మీద లెక్కపెట్టింది. తొమ్మిది రోజులు. తర్వాతి ప్రశ్న అడగబోయే లోపల తలుపు దగ్గర కార్డు కుయ్‌మంది. ఆమె ఫారాన్ని మడిచి నడుము దగ్గర చీరలో దోపుకుంది. కోర్టు ఉత్తర్వును మీరానని తెలుసు. ఈ కాగితాన్ని ఇక్కడ వదిలేస్తే సాయంత్రానికి బూడిదవుతుందనీ తెలుసు.

*

ఇక్కడ దుర్గాబాయి ఒక తప్పు చేసింది. నోరు మూసుకుని పన్నెండింటికి గేటు దాటి ఉంటే కథ వేరుగా ఉండేది. కానీ ఆ అమ్మాయి నవ్వింది అన్న మాట ఆమెలో కోపం రగిలించింది.

"డైరీ ఎవరు రాసిండ్రు సార్?" అంది, లోపలికి వచ్చిన జోగారావుతో.

"హజీరా రాసింది."

"హజీరాకు జూలై ఇరవై తొమ్మిది నుంచి ఆరు దినాలు రోజా లేదు. ఆడోళ్లకు ఆ దినాలల్ల ఉండదు. మీరు రాయించినోనికి ఎరుక లేదు, మీకు ఎరుక లేదు. ముప్పై ఏండ్ల సర్వీసుల ఒక్క ముస్లిం ఆడిబిడ్డనన్న అడిగి ఉంటె తెలుస్తుండె."

జోగారావు మొహంలో మొదటిసారి మర్యాద జారింది. అంతలోనే సర్దుకున్నాడు. "మొగుడి తల్లి చెప్పిందా?"

"ఆరుగురు చెప్తరు. చనిపోయిన మూడో నాడు, మీరు కేసు పెట్టక ముందే, ఆ ఆరింటి పేరు మీద అన్నం తిన్నోళ్లు."

"అన్నం తిన్నవాళ్లు అన్నం తిన్నామని చెబుతారండీ. తేదీలు చెబుతారా?" అతను ఒక అడుగు ముందుకేశాడు. "తేదీలు మీకు ఇక్కడ దొరికాయి. ఆ అల్మారా నేను వెళ్లేటప్పుడు మూసి ఉంది. ఇప్పుడు తీసుంది."

శైలజ చటుక్కున అల్మారా తలుపు మూసేసింది. దుర్గాబాయి బదులు చెప్పే లోపల చివరి మంచం దగ్గర గిన్నె కింద పడిన చప్పుడైంది.

పద్మమ్మ సగం మంచం మీద, సగం గాలిలో ఉంది. శైలజ పరుగెత్తి పట్టుకుంది. చెమటతో గౌను తడిసి ముద్దైంది, ఒళ్లు చల్లగా ఉంది. దుర్గాబాయి ఆమె అరచెయ్యి తిప్పి చూసింది. గీతలన్నీ బొగ్గుతో గీసినట్టు నల్లబడ్డాయి. ఈ జబ్బులో హార్మోన్ అందని ఒంటికి వచ్చే రంగు అది.

"బీపీ డెబ్బై ఆరు మేడమ్. కిందిది నలభై."

"కడుపుల కత్తులు దిగుతున్నయి బిడ్డా," అంది పద్మమ్మ. మాట ముద్దగా వచ్చింది. చెరువు చేపలు అమ్ముకునే మనిషి. రోజంతా గంప నెత్తిన పెట్టుకుని తిరిగే ఆ మెడ ఇప్పుడు నిలబడటం లేదు.

"గోలీ తప్పిందా ఈమెకు?"

"ఎట్ల తప్పుతది? దినాం ఎనిమిదింటికి నా ముంగట మింగుతది. నాలుక ఎత్తిపిచ్చి చూస్త."

"ఏ దినం నుంచి?"

"పద్నాలుగు తారీకు నుంచి. ఆ కొత్త పెట్టెల గోలీలే."

ఆగస్టు పద్నాలుగు నుంచి ఇరవై రెండు. తొమ్మిదో రోజు. పద్మమ్మకు రోజా లేదు, మందు మాన్పించే మొగుడు లేడు. తాళం వేసిన వార్డులో, నర్సు కళ్ల ముందు మింగింది. అయినా హజీరాకు వచ్చిందే వచ్చింది. కొత్త పెట్టెలోని మాత్ర కడుపులో దిగుతోంది గానీ అందులోని హార్మోన్ ఒంటికి అందడం లేదు. పాత మాత్రలు మాన్పించి ఈ మట్టి మింగిస్తున్నారు.

"గంట గంటకు రక్తం తీస్తున్నరు గద, తెలువలేదా?"

"రిపోర్టులు బయటి ల్యాబ్ నుంచి నెలాఖరుకు గాని రావు," అంది శైలజ. "ఇంజెక్షన్ ఇయ్యాలె మేడమ్. ఇప్పుడే. ఎమర్జెన్సీ అల్మారల ఉన్నయి. కాని నిన్నటి నుంచి ఆడిట్ అని తాళంచెవి సార్ దగ్గర పెట్టుకున్నరు."

ఇద్దరూ జోగారావు వైపు చూశారు. అతను కదల్లేదు.

"నేను డాక్టర్ని కాదు," అన్నాడు. "డాక్టరు చెప్పనిదే తాళం తీయకూడదు. అయితే మీ నడుము దగ్గర అంచు కనబడుతున్న సంస్థ కాగితం ముందు నాకిస్తే, నేనూ ఒక రూలు మరిచిపోతాను."

"మనిషి చస్తాంది సార్."

"అందుకే ఆలస్యం చేయకండి."

దుర్గాబాయి తలుపు చూసింది. పిడి లేని తలుపు. గడియారం పదకొండు నలభై తొమ్మిది. ఆ కాగితం ఇస్తే ఫరీద్‌ను విడిపించే రాతపూర్వకమైన సాక్ష్యం పోతుంది. మరియా బీ కొడుకు ఏళ్ల తరబడి లోపలే ఉంటాడు, భార్యను చంపినవాడన్న పేరుతో. ఇవ్వకపోతే ఈ మంచం మీద ఇంకో హజీరా. ఆమెకు ఏడుపొచ్చింది. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఒక్క కాగితం వదులుకోని చెయ్యి అది. ఆ చెయ్యే నడుము దగ్గరికి పోయి, ఫారం తీసి జోగారావు చేతిలో పెట్టింది.

అతను విప్పి, తేదీ చదివి, నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో వేసుకున్నాడు. అప్పుడు తాళంచెవి ఇచ్చి, తలుపు పక్కకు జరిగి ఫోనులో గొంతు తగ్గించి ఎవరితోనో రెండు మాటలు మాట్లాడాడు.

శైలజ మందు కలిపి, నరం దొరికించుకుని ఎక్కించింది. సెలైన్ పెట్టింది. పన్నెండింటికి బీపీ ఎనభై. పన్నెండుంబావుకు ఎనభై ఎనిమిది. పన్నెండు నలభైకి తొంభై ఆరు దాటింది. పద్మమ్మ కళ్లు తెరిచి, గంజిల ఇంత ఉప్పేసి తెమ్మని అడిగింది. శైలజ మొహం పక్కకు తిప్పుకుని ఏడ్చింది.

"సూడుండ్రి సార్," అంది దుర్గాబాయి. "హార్మోన్ ఎక్కంగనే మనిషి లేచింది. అంటె తొమ్మిది దినాల సంది మీ గోలీల అది లేదు. కాగితం తీసుకుంటె తీసుకుండ్రి. పద్మమ్మ రక్తమే నాకు సాక్ష్యం. నేను బయటికి పోయి..."

"ఎప్పుడు పోతారు?" అన్నాడు జోగారావు. గొంతు మళ్లీ నెమ్మదైంది. "ఇందాక నేను చేసిన ఫోను దేనికనుకున్నారు? గేటు రిజిస్టర్‌లో పదకొండు యాభై ఐదుకు మీరు వెళ్లిపోయినట్టు సంతకం పడింది. ఫోను కూడా తీసుకున్నట్టు రాశారు. కోర్టు ఇచ్చిన గడువు లోపలే, బుద్ధిగా. శైలజ సిస్టర్ కూడా డ్యూటీ దిగి పొద్దున ఎనిమిదికే ఇంటికి వెళ్లింది. అదీ రిజిస్టర్‌లోనే ఉంది."

"నేనెక్కడ పోయిన సార్? ఈడనే ఉన్న గద," అంది శైలజ. ఆమెకింకా అర్థం కాలేదు.

దుర్గాబాయికి అర్థమైంది. చచ్చిపోయిన మనిషి చేత పద్దెనిమిది రోజులు రాయించిన వాళ్లకు, బతికున్న మనిషిని గేటు దాటించడం ఒక సంతకం పని. ఆమె తలుపు వైపు ఉరికే లోపల కార్డు కుయ్‌మంది. జోగారావు అవతల ఉన్నాడు, ఆమె ఇవతల ఉంది. అద్దంలోంచి అతను ఎవరికో ఫోను చేస్తూ మెట్లు దిగడం కనిపించింది.

ఆమె తలుపును రెండు చేతులతో కొట్టింది. కింద ఎవరికీ వినపడే తలుపు కాదది. అరచేతులు మంటెక్కాక ఆగింది.

"శైలజా, ఇంజెక్షన్లు ఇంకెన్ని ఉన్నయి?"

శైలజ అల్మారాలో చెయ్యి పెట్టి చూసింది. "రెండు మేడమ్."

మొదటి మంచం మీద సత్తమ్మ ఇంతసేపూ మోకాళ్లు కడుపుకు అదుముకుని కూర్చుంది. ఇప్పుడు మెల్లగా తల ఎత్తింది. ఆమె వెనక మంచాల మీద మిగతా ఇద్దరూ పడుకునే ఉన్నారు, లేవడానికి ప్రయత్నం కూడా చేయడం లేదు.

"బిడ్డా," అంది సత్తమ్మ, "చెప్పుడెందుకని ఊకున్న. నాకు గూడ పొద్దటి సంది కడుపుల తిప్పుతాంది. ఆ ఇద్దరికీ గట్లనే ఉన్నదట."